ఎముకకు ముఖం తొడగవచ్చా?

బొమ్మ పక్షం: మన తొలి పూర్వీకుల గురించి జనానికి చెప్పాలంటే వాళ్లకో ముఖం ఉండి తీరాలి. ఇథియోపియాలోని హడార్‌లో 1974 నవంబరు 24న డొనాల్డ్ జొహాన్సన్, టామ్ గ్రే కనుగొన్న లూసీ ఎముకలను బల్ల మీద వరసగా పేర్చి చూపించండి. చూసినవాళ్లు తల ఊపి ముందుకు వెళ్లిపోతారు. అదే లూసీని మూడున్నర అడుగుల ఎత్తున నిలబెట్టి, పొడవాటి చేతులు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి, మన వైపే చూసే కళ్లు పెట్టి చూపించండి. ఆగిపోతారు. ఆగినవాళ్లే అడుగుతారు, ఈమె ఏం తినేది, రాత్రిళ్లు ఎక్కడ పడుకునేది, బిడ్డను ఎలా మోసేది అని. ప్రశ్న పుట్టనిచోట ఎంత జ్ఞానం ఉన్నా అది గాజుపెట్టె దాటి రాదు.

ఎముక పక్షం: ఆగుతారు, నిజమే. ఎవరి ముందు ఆగుతున్నారన్నదే నా ప్రశ్న. లూసీ అస్థిపంజరంలో మనకు దొరికింది దాదాపు 40 శాతం. కింది దవడ ఉంది, పుర్రె ముక్కలు కొన్ని ఉన్నాయి. ముఖం ఎముకలు దాదాపుగా లేవు. శిల్పులు ఆ జాతికే చెందిన వేరే పుర్రెలను చూసి ఆమెకు ముఖం అమర్చారు. లూసీ ముఖమని లోకం గుర్తుపెట్టుకున్నది లూసీది కాదు. ఇక పెదవుల మందం, చెవుల ఆకారం, ఒంటి రంగు, ఒంటి మీద వెంట్రుకలు ఎంత ఉన్నాయన్న సంగతి, కంటి తెల్లగుడ్డు మనలా తెల్లగా ఉండేదా, కోతుల్లో చాలావాటికిలా ముదురు రంగులో ఉండేదా అన్నది, ఇవేవీ ఎముక చెప్పవు. చూసేవాణ్ని ఆపుతున్నవి సరిగ్గా ఇవే.

బొమ్మ పక్షం: ఎముక చెప్పేదాన్ని మీరు మరీ తక్కువ చేస్తున్నారు. కండరం ఎముకకు అంటుకున్న ప్రతిచోటా గరుకు గీతో, గట్టో, పల్లమో మిగులుతుంది. 2023లో కేంబ్రిడ్జ్ పరిశోధకురాలు యాష్లీ వైజ్‌మన్ ఆ గుర్తుల ఆధారంగా లూసీ ఒక్కో కాలికి 36 కండరాలను కంప్యూటర్లో తిరిగి కట్టారు. ఆ మోకాలు మనలాగే పూర్తిగా నిటారుగా చాచగలదని, తొడ మనకంటే బాగా కండపట్టి ఉండేదని తేలింది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం కోసం పూర్వీకుల తలలు చేసిన జాన్ గుర్చీ, వానరాల మృతదేహాలను స్వయంగా కోసి చూసి, ఏ కండరం ఎముక మీద ఎలా కూర్చుంటుందో నేర్చుకున్నాడు. ఆ పనిని ఊహాచిత్రం అనడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి కొలిచి చేసిన అంచనా అది.

ఎముక పక్షం: ఒంటి తీరు విషయంలో మీతో నాకు తగువు లేదు. కటి ఎముక పొట్టిగా, వెడల్పుగా ఉంది, తొడ ఎముక మోకాలి దగ్గర లోపలికి వాలింది, కాబట్టి రెండు కాళ్ల మీద నడిచింది. డికికాలో దొరికిన, అదే జాతికి చెందిన పసిపిల్ల రెక్క ఎముక వానరాల రెక్క ఎముకకు దగ్గరగా ఉంది, కాబట్టి చెట్లెక్కడం ఇంకా మానలేదు. నడక, ఎత్తు, చేతుల పొడవు, వీటిని బొమ్మగా చేయండి, నేనే చప్పట్లు కొడతాను. చర్మం దగ్గరికి వచ్చేసరికే చిక్కు. నిట్రాళ్లు చూసి గుడిసె ఎంత ఎత్తో, ఎంత వెడల్పో చెప్పవచ్చు. కప్పింది తాటాకో, రెల్లో, వరిగడ్డో నిట్రాళ్లు చెప్పవు. 2021లో రయాన్ క్యాంప్‌బెల్ బృందం ఇదే విషయం మీద ఒక వ్యాసం రాసింది. దక్షిణాఫ్రికాలో 1924లో బయటపడిన టౌంగ్ పసివాడి పుర్రెను తీసుకుని ఆ బృందం రెండు ముఖాలు చేసింది. ఒకటి బొనోబో వైపు మొగ్గింది, ఇంకొకటి మనిషి వైపు. పుర్రె ఒక్కటే. రెండింట్లో ఏది అబద్ధమో ఆ పుర్రె చెప్పలేదు.

బొమ్మ పక్షం: చర్మం గురించి మనకు ఆధారమే లేదన్నట్టు మాట్లాడకండి. ఆఫ్రికా జనాల్లో చర్మపు రంగును శాసించే ఒక జన్యువులోని తేడాలను లెక్కగట్టి, కనీసం 12 లక్షల ఏళ్ల కిందటే మన పూర్వీకుల ఒళ్లు నల్లబడిందని 2004లో అంచనా వేశారు. బొచ్చు పల్చబడ్డాక, ఎండకు చర్మం నేరుగా గురయ్యాక జరిగే మార్పు అది. పేలనే చూడండి. తలలో ఉండే పేను నుంచి బట్టల్లో బతికే పేను ఎప్పుడు విడిపోయిందో జన్యువుల్లో లెక్కేసి, మనుషులు బట్టలు కట్టడం సుమారు 1,70,000 ఏళ్ల కిందట మొదలై ఉంటుందని చెప్పారు. 1984లో కెన్యాలోని నరియోకొటోమేలో కమోయా కిమేయు కనుగొన్న కుర్రవాడి జాతికి, అంటే హోమో ఎరెక్టస్‌కు, ముక్కు మనలా ముందుకు పొడుచుకొచ్చి ఉండేదని ముక్కు చుట్టూ ఉన్న ఎముకే చెబుతోంది. పుర్రెకు బయట కూడా సాక్ష్యం ఉంది. వెతికితే దొరుకుతుంది.

ఎముక పక్షం: దొరుకుతుంది. ఏ కాలానికి దొరుకుతుందో కూడా చూడాలి కదా? లూసీ బతికింది దాదాపు 32 లక్షల ఏళ్ల కిందట. మీరు చెప్పిన చర్మపు లెక్క 12 లక్షల దగ్గర ఆగుతుంది. మధ్యలో 20 లక్షల ఏళ్లు ఉన్నాయి. మానవ వంశపు ఎముకల్లో ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్ఏ స్పెయిన్‌లోని సిమా దె లోస్ వెసోస్ గుహది, దాని వయసు 4,30,000 ఏళ్లు. లూసీ దాకా పోయే మార్గం మనకు లేదు. అయినా శిల్పి ఆమె వీపు మీద ఎన్నో కొన్ని వెంట్రుకలు నాటక తప్పదు. రాసే మనిషికి ఇంతకూ అంతకూ మధ్య ఉండవచ్చు అనే వెసులుబాటు ఉంది. సిలికాన్‌కు ఆ వెసులుబాటు లేదు. నరియోకొటోమే కుర్రవాడు పెద్దయితే ఆరడుగులు దాటేవాడని మొదట లెక్కేశారు. ఆ తర్వాత వాడి పెరుగుదల మన పిల్లల్లా సాగలేదని కొందరు వాదించి, ఆ ఎత్తును ఐదడుగుల నాలుగంగుళాల దగ్గరికి దించారు. పుస్తకంలో అంకె మార్చారు. ఆరడుగుల మనిషిగా గీసిన బొమ్మలను ఎవరు వెనక్కి తెస్తారు?

బొమ్మ పక్షం: ఊహ ముందు, రుజువు తర్వాత వచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. సైబీరియాలోని డెనిసోవా గుహలో ఒక చిన్న వేలెముక దొరికింది. దాని డీఎన్ఏ చదివి, అది కొత్త మానవ సమూహానిదని 2010లో ప్రకటించారు. ఆ డెనిసోవన్ల పుర్రె అప్పటికి ఎవరూ గుర్తించలేదు. అయినా 2019లో డేవిడ్ గోఖ్‌మన్, లిరాన్ కార్మెల్ బృందం డీఎన్ఏ మీద ఉండే రసాయన గుర్తులను బట్టి ఏ జన్యువు ఎంత పనిచేసిందో తేల్చి, వాళ్ల ముఖం వెడల్పు, పుర్రె వెడల్పు, దవడ తీరు ముందుగానే చెప్పి ఒక ముఖం చేసింది. చైనాలోని హర్బిన్‌లో ఎన్నో దశాబ్దాలు దాగి ఉన్న ఒక భారీ పుర్రెను 2021లో వర్ణించారు. అది డెనిసోవన్‌దేనని 2025లో ప్రోటీన్లు, పంటి గార నుంచి తీసిన డీఎన్ఏ తేల్చాయి. ముందు చెప్పిన లక్షణాలు చాలావరకు సరిపోయాయి. ముఖం గీయడమంటే పందెం కాయడం. ఓడిపోయే వీలున్న పందెం శాస్త్రానికి మేలే చేస్తుంది.

ఎముక పక్షం: మీ వాదనలో ఇది గట్టి రాయి, దీన్ని కదపలేను. అయితే ఆ బృందం చేసిందేమిటో పూర్తిగా చూడండి. ఆ పద్ధతిని ముందు నియాండర్తల్ మీద, చింపాంజీ మీద ప్రయోగించి, ఎంత శాతం సరిపోతుందో కొలిచి, ఆ కొలతను కూడా చెప్పింది. ఎంత తప్పు జరగవచ్చో ముందే రాసి గీసిన ముఖం అది. ప్రపంచం పత్రికల్లో చూసింది ముఖాన్ని, ఆ శాతాన్ని కాదు. బొమ్మ ప్రయాణించినంత వేగంగా దాని వెంట ఉండాల్సిన షరతు ప్రయాణించదు. వందేళ్ల చరిత్ర చెప్పేది ఇదే. ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఓ సేంట్‌లో 1908లో ఒక నియాండర్తల్ వృద్ధుడి అస్థిపంజరం దొరికింది. మర్సెలాన్ బూల్ దాన్ని అధ్యయనం చేశాడు. 1909లో కుప్కా అనే చిత్రకారుడు ఒళ్లంతా బొచ్చుతో, వంగిన మోకాళ్లతో, చేతిలో దుడ్డుకర్రతో ఉన్న ఒక మృగాన్ని గీశాడు. రెండేళ్లకే, 1911లో ఆర్థర్ కీత్ అభిప్రాయాన్ని అనుసరించి అమెదే ఫొరెస్టియే అదే నియాండర్తల్‌ను నిప్పు దగ్గర కూర్చుని పనిచేసుకుంటున్న మనిషిగా గీశాడు. అవే ఎముకలు. జనం మనసులో నిలిచింది మాత్రం మృగమే.

బొమ్మ పక్షం: ఆ కథలో నేరం చిత్రకారుడి నెత్తిన వేయకండి. మోకాళ్లు వంగి ఉన్నాయన్నది బూల్ చదివిన తీరు, వేలికొనల్లో కొలతలున్న శాస్త్రవేత్త చదివిన తీరు. ఆ వృద్ధుడికి తీవ్రమైన కీళ్లవాపు ఉందని 1957లో విలియం స్ట్రాస్, కేవ్ తిరిగి పరిశీలించి చెప్పారు. నియాండర్తల్ మనలాగే నిటారుగా నిలబడ్డాడని అప్పుడు అందరికీ అర్థమైంది. బొమ్మ లేకపోతే బూల్ పొరపాటు పెద్ద గ్రంథంలో వందల పేజీల మధ్య అలాగే ఉండేది, అది పొరపాటని చూడటానికి కూడా ఎవరికీ వీలయ్యేది కాదు. ఒక శాస్త్రవేత్త మనసులో పూర్వీకుడు ఎలా ఉన్నాడో అందరి ముందూ పెట్టేది బొమ్మే. పెట్టిన తర్వాతే దాన్ని ఖండించగలం.

ఎముక పక్షం: ఖండన వచ్చేసరికి అర్ధ శతాబ్దం గడిచింది. అదే ఫొరెస్టియే 1922లో ఏం గీశాడో కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని నెబ్రాస్కాలో దొరికిన ఒకే ఒక్క పన్ను చూసి హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బోర్న్ అది మానవ వానరానిదన్నాడు. ఆ ఒక్క పన్ను నుంచి మగవాడు, ఆడమనిషి, వెనుక ఒక మైదానం, దాంట్లో జంతువులు, ఇంత దృశ్యం లండన్ పత్రికలో వచ్చింది. 1927లో తేలిందేమంటే ఆ పన్ను అడవిపందిని పోలిన ఒక జంతువుది. శాస్త్రం అయిదేళ్లలోనే తప్పు దిద్దుకుంది, దానికి గౌరవం ఇవ్వాలి. పరిణామాన్ని నమ్మనివాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ బొమ్మనే ఎత్తి చూపిస్తారు. మీరు నమ్మించడానికి గీసిన ప్రతి తొందరపాటు ముఖమూ ఒకనాడు అపనమ్మకం చేతిలో ఆయుధమవుతుంది.

బొమ్మ పక్షం: అపనమ్మకానికి బొమ్మే కావాలా? మన దేశంలో పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పరిణామ పాఠాన్ని తీసేసినప్పుడు, 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ పాఠం పోయినా వీధిలో ఒక్కరూ ఎందుకు కదల్లేదు? జనానికి అది తమ ఇంటి సంగతిగా ఎప్పుడూ అనిపించలేదు కాబట్టి. ముత్తాత ఫొటో గోడ మీద ఉన్న ఇంట్లో ఆయన కథను పిల్లలు అడిగి చెప్పించుకుంటారు. ముఖం లేని పూర్వీకుడు పరీక్షలో రెండు మార్కుల జవాబు, అంతే.

ఎముక పక్షం: సరే, ముఖాన్ని కాసేపు పక్కన పెట్టి బతుకు సంగతి చూద్దాం. అక్కడ బొమ్మ చేసే హాని ఇంకా లోతైనది. టాంజానియాలోని లెటోలీలో 36 లక్షల ఏళ్లకు పైబడిన అగ్నిపర్వతపు బూడిదలో పాదముద్రలున్నాయి. 1978లో మేరీ లీకీ బృందం వాటిని బయటపెట్టింది. దాదాపు 27 మీటర్ల బాటలో చిన్న అడుగులు, వాటి పక్కనే పెద్ద అడుగులు, పెద్ద అడుగుల్లోనే అడుగులేస్తూ నడిచిన మూడో మనిషి గుర్తులు. నన్ను ఎప్పుడూ కదిలించే సాక్ష్యం ఇది. న్యూయార్క్ మ్యూజియంలో దీనికి కట్టిన దృశ్యంలో ఒక మగ, ఒక ఆడ పక్కపక్కన నడుస్తుంటారు, మగవాడి చెయ్యి ఆమె భుజం చుట్టూ ఉంటుంది. పాదముద్ర ఆడదో మగదో చెప్పదు. చెయ్యి ఎక్కడుందో అసలే చెప్పదు. తల్లీబిడ్డలు కావచ్చు, ఇద్దరు ఆడవాళ్లు కావచ్చు. ఇరవయ్యో శతాబ్దపు దాంపత్యాన్ని తీసుకెళ్లి 36 లక్షల ఏళ్ల వెనక్కి నాటి, ఇది ఆది నుంచీ ఉన్నదే అని చూసేవాళ్ల చేత అనిపించారు.

బొమ్మ పక్షం: ఈ మాట నాకు తగిలింది, తగలాల్సిందే. డయాన్ గిఫర్డ్ గొంజాలెజ్ 1993లో రాతియుగపు బొమ్మలను పరిశీలించి, మగవాళ్లు వేటాడుతూ, గీస్తూ, నిలబడి ఉంటే ఆడవాళ్లు నేల మీద వంగి తోలు గీకుతూ కనిపిస్తారని చూపించింది. దానికి కారణం ఎముకలు కావు, గీసినవాళ్ల ఇళ్లు. ఒప్పుకుంటున్నాను. అయితే దీనికి మందు బొమ్మలు మానేయడమా? మంచి బొమ్మలు గీయడమా? బొమ్మను పక్కనపెట్టినా రాత ఉంటుంది. వేటగాడు మగవాడు అన్న సిద్ధాంతాన్ని రాసింది కూడా శాస్త్రవేత్తలే, అదీ పేజీల కొద్దీ. బొమ్మలో పక్షపాతం ఒక్క చూపుకే దొరికిపోతుంది. మీరిప్పుడు పట్టుకున్నట్టే. వాక్యంలో అది ఎంతకాలమైనా దాక్కుంటుంది.

ఎముక పక్షం: దొరకడం చూసేవాడి చదువు మీద ఆధారపడుతుంది. సెలవురోజున వచ్చిన కుటుంబానికి ఆ దృశ్యంలో దొరికేది తమ ఇల్లే.

బొమ్మ పక్షం: ఆ కుటుంబానికే ఇంకో రెండు దృశ్యాలు కావాలని నేనంటాను. టౌంగ్ పసివాడి కంటిగూళ్లలో గద్ద గోళ్ల గాట్ల వంటివి ఉన్నాయి. ఆ పిల్లవాణ్ని పెద్ద గద్ద ఎత్తుకుపోయిందని లీ బర్గర్, రాన్ క్లార్క్ 1995లో వాదించారు. ఈ దృశ్యం గీయండి. మన పూర్వీకుడు వేటగాడు కాదు, ఎరగా బతికినవాడని ఒక్క చూపుకే తెలుస్తుంది. జార్జియాలోని ద్మనిసీలో 17 లక్షల ఏళ్లు దాటిన ఒక ముసలివాడి పుర్రె, దవడ ఉన్నాయి. ఒక్కటి తప్ప పళ్లన్నీ ఊడిపోయాయి, ఊడిన గుంతలు పూడుకుపోయాయి. అంటే పళ్లు పోయాక కూడా ఏళ్ల తరబడి బతికాడు. ఎవరైనా అతనికి మెత్తని తిండి పెట్టారా? రాళ్లతో చితక్కొట్టి ఇచ్చారా? ఆ మనిషి ముఖం మన ముందుంటే దయకు వయసెంతో పిల్లలు లెక్కేసుకుంటారు.

ఎముక పక్షం: ఆ రెండు కథల్లోనూ మాట్లాడింది ఎముకే, ముఖం కాదు. కంటిగూటిలో గాటు, పూడుకుపోయిన పంటి గుంత. ఆ పుర్రెను ఉన్నదున్నట్టు చూపించి, వేలు పెట్టి ఆ చోటు చూపించండి, చాలు. కథ గుర్తును దాటి పోయిన క్షణం నాకు భయం. 2016లో జాన్ కప్పెల్‌మన్ లూసీ ఎముకల విరుగుళ్లను స్కాన్లలో చూసి, ఆమె 12 మీటర్లకు పైన చెట్టు మీది నుంచి పడి చనిపోయిందన్నాడు. ఆమెను కనుగొన్న జొహాన్సన్ దాన్ని ఒప్పుకోలేదు. మట్టిలో లక్షల ఏళ్లు నలిగిన జంతువుల ఎముకల్లోనూ అలాంటి విరుగుళ్లే ఉంటాయన్నాడు. వాదం తెగలేదు. ఈలోగా చెట్టు మీది నుంచి పడిపోతున్న లూసీ లోకమంతా తిరిగేసింది. ద్మనిసీ ముసలివాడి విషయమూ అంతే. పళ్లు పోయిన చింపాంజీలు ఎవరి సాయమూ లేకుండా బతికిన సందర్భాలున్నాయని కొందరు పరిశోధకులు గుర్తుచేశారు. అన్నం పెడుతున్న చెయ్యిని గీసిన మరుక్షణం ఆ అనుమానానికి చోటు లేకుండా పోతుంది.

బొమ్మ పక్షం: పూడిన పంటి గుంతలో ఏళ్ల బతుకు మీకు కనిపిస్తుంది, ఎందుకంటే మీరు చదువుకున్నారు. ఆ చదువు లేని పదేళ్ల పిల్లకు అది ఒక గుంత. ఎముక చాలు అన్న మాటలో ఒక గర్వం ఉంది. చదవగలిగిన కొద్దిమందికే పూర్వీకులు దక్కాలన్న మాట అది. మానవజాతి వంశవృక్షం పండితుల సొత్తు కాదు. ఆ పిల్లకు దాని మీద మీకున్నంత హక్కు ఉంది. తప్పు జరగవచ్చన్న భయంతో ఆ హక్కును వాయిదా వేయలేం.

ఎముక పక్షం: హక్కు మాట తెచ్చారు కాబట్టి ఇంకొకరి హక్కు గురించి అడుగుతాను. ఆదిమానవుడు అనగానే మన పిల్లల కళ్ల ముందు నిలిచే బొమ్మ ఏది? నడుముకు ఆకులు, చేతిలో విల్లో బల్లెమో, నల్లని ఒళ్లు, చింపిరి జుట్టు. ఆ బొమ్మ ఏ శిలాజం నుంచీ రాలేదు. ఈనాడు మనతోపాటు బతుకుతున్న ఆదివాసీల ఒంటి నుంచి, వలసపాలకుల ఫొటోల నుంచి వచ్చింది. నల్లమల చెంచులను గతించిన యుగానికి మిగిలిన ఆనవాళ్లుగా వర్ణించిన రాతలు మనకున్నాయి. లూసీ నుంచి చెంచు పెంట ఎంత దూరమో, హైదరాబాదు మేడ అంతే దూరం. బతికున్న మనుషులందరూ ఆమెకు సరిసమానమైన దూరంలోనే ఉన్నారు. ముఖం కావాలన్న తహతహలో ఆనాటివాళ్ల ఖాళీని ఈనాటి పేదవాడి ముఖంతో నింపారు. ఆ బాకీ ఎవరు తీరుస్తారు?

బొమ్మ పక్షం: బాకీ ఉంది, పెద్దదే. దాన్ని తీర్చేది కూడా ముఖమే అంటాను. లూసీని కొలతల ప్రకారం చేసి నిలబెట్టినప్పుడు మొదట తెలిసేదేమిటి? ఈమె చెంచు కాదు, గోండు కాదు, ఆఫ్రికా మనిషి కాదు, బతికున్న ఏ మనిషిలానూ లేదు అన్నది. మెదడు మన మెదడులో మూడోవంతు, చేతులు మోకాళ్ల వైపు జారుతూ పొడుగ్గా, నడక మాత్రం మనది. ఆ కలయిక ఈనాడు భూమ్మీద ఎక్కడా లేదు. ఆకులు కట్టిన ఆ అవమానకరమైన బొమ్మను తరిమేయగలిగేది ఇంకో బొమ్మే. మీరు ఖాళీగా వదిలిన చోటు ఖాళీగా ఉండదు. అక్కడ ఎవరి అసహ్యం వాళ్లు గీసుకుంటారు.

ఎముక పక్షం: ఆ చివరి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే మన చుట్టుపక్కలే ఒక పరీక్ష పెడతాను. మధ్యప్రదేశ్‌లోని హథ్నోరా దగ్గర నర్మద ఒడ్డున 1982 డిసెంబరు 5న భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన అరుణ్ సోనాకియాకు ఒక పుర్రె పైభాగం దొరికింది. కనుబొమ గట్టు కొంత ఉంది. దవడ లేదు, పళ్లు లేవు. ఏ జాతిదో, ఎంత పాతదో ఇంకా వాదిస్తూనే ఉన్నారు. చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో సుమారు 15 లక్షల ఏళ్ల నాటి రాతి గొడ్డళ్లున్నాయి. మన జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం కక్కిన బూడిద పొరకు కిందా పైనా పనిముట్లున్నాయి. వాటిని చెక్కినవాళ్ల ఎముక ఒక్కటీ దొరకలేదు. మన నేల మీది పూర్వీకులకు ముఖం పెట్టమంటే ఏం పెడతారు?

బొమ్మ పక్షం: జ్వాలాపురంలో ముఖం పెట్టను. చేతులు పెడతాను. రాయిని ఏ కోణంలో కొడితే ఆ పెచ్చు ఊడుతుందో రాతిమీద గుర్తు ఉంది, కాబట్టి చేతులు ఎలా పట్టుకున్నాయో చెప్పగలం. వెనుక బూడిద రాలుతున్న ఆకాశం పెడతాను, దానికి సాక్ష్యం ఆ పొరే. అత్తిరంపాక్కంలోనూ అంతే. హథ్నోరాకు మాత్రం ముఖం పెడతాను, ఒకటి కాదు మూడు. ముగ్గురు పరిశోధకులు మూడు విధాలుగా చదివిన తీరును అనుసరించి మూడు తలలు పక్కపక్కన. వాదం తెగలేదన్న సంగతిని కూడా బొమ్మలోనే చెప్పవచ్చు.

ఎముక పక్షం: అలా చేస్తే నేను మీ పక్కన నిలబడతాను. ఇంకో షరతు కలపండి. పగిలిన పాత కుండను అతికేటప్పుడు తవ్వకాలవాళ్లు లేని ముక్కల చోట వేరే రంగు మట్టి నింపుతారు. ఏది దొరికిందో, ఏది మనం కలిపామో చూడగానే తెలిసేలా. ముఖాలకూ అదే నియమం పెట్టండి. ఎముక చెప్పినదంతా ఒక రంగు, కండరపు లెక్క ఇంకో రంగు, శిల్పి ఊహించిన చర్మం, జుట్టు, చూపు మూడో రంగు. అప్పుడు ఆ పదేళ్ల పిల్లకు పూర్వీకుడితోపాటు శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో కూడా తెలుస్తుంది.

బొమ్మ పక్షం: తరగతి గదిలో అలాగే చేద్దాం, సంతోషంగా. మ్యూజియం గుమ్మంలో మొదట ఎదురయ్యే విగ్రహానికి మాత్రం నేను ఒప్పుకోను. మూడు రంగుల ముఖం పటం అవుతుంది, మనిషి కాదు. మూడు తలలు చూసినవాళ్లు మూడింటినీ పోల్చి చూస్తారు, ఒక్కదానితోనూ బంధం పెట్టుకోరు. ముందు తనవాడనిపించాలి. తనవాడనుకున్నవాళ్లే వివరం అడుగుతారు, తప్పుంటే దిద్దమని పట్టుబడతారు. వరస నేను మార్చను, ముందు బంధం, తర్వాత దిద్దుబాటు.

ఎముక పక్షం: మనం విడిపోయేది సరిగ్గా ఈ వరస దగ్గరే. తప్పు ముఖంతో పెట్టుకున్న బంధం దిద్దుబాటును రానివ్వదు. 1909 నాటి మృగాన్ని తనవాడు కాదనుకున్న లోకం నియాండర్తల్‌ను తిట్టుగా వాడుకుంది. 1957 తర్వాతా వాడుతూనే ఉంది. వాళ్ల డీఎన్ఏ ఒకటి రెండు శాతం మన ఒంట్లోనే ఉందని 2010 తర్వాత తేలినా ఆ తిట్టు పోలేదు. తన రక్తబంధువును జంతువనుకుంటూ రెండు తరాలు పెరిగాయి. ఆ నష్టాన్ని మీ లెక్కలో ఎక్కడ వేస్తారు?

బొమ్మ పక్షం: వేస్తాను, ఖర్చు కింద పెద్ద అంకెగానే వేస్తాను. మీరూ ఒక అంకె వేయాలి. హథ్నోరా పుర్రె దొరికి నాలుగు దశాబ్దాలు దాటింది. నర్మదకు ఇటువైపు బడి చదువు పూర్తిచేసిన కోట్లమందిలో ఎంతమంది దాని పేరు విన్నారు? తప్పుగా కూడా తెలియని ఆ పూర్వీకుడి విషయంలో ఎవరు ఏం దిద్దగలరు? తప్పు ముఖం చేసిన నష్టాన్ని మీరు చూపించగలుగుతున్నారు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి. ముఖమే లేకపోవడం చేసిన నష్టాన్ని ఏ కొలతతో కొలుస్తారో చెప్పండి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.